ఎవరి కుంచంతో కొలిచారు?

2024 ఏప్రిల్ 14. దక్షిణ కొరియాలోని డేగు నగరంలో శామ్‌సంగ్ లయన్స్, ఎన్‌సీ డైనోస్ జట్ల మధ్య బేస్‌బాల్ మ్యాచ్ జరుగుతోంది. ఆ సీజన్ నుంచే కొరియా లీగు బంతులపై తీర్పు చెప్పే పనిని పూర్తిగా యంత్రానికి అప్పగించింది. అగ్రశ్రేణి లీగులలో ఆ పని చేసిన మొదటిది అదే. ఇయర్‌ఫోనులో యంత్రం చెప్పింది విని పైకి ప్రకటించడమే ఇక అంపైర్‌కు మిగిలిన పని. ఆ రోజు ఒక బంతిని యంత్రం స్ట్రైక్ (విసిరినవాడికి లాభం) అంది, అంపైర్ బాల్ (బ్యాటర్‌కు లాభం) అన్నాడు. డైనోస్ మేనేజర్ ట్యాబ్లెట్‌లో అసలు తీర్పు చూసుకుని వచ్చి అడిగేసరికి మరికొన్ని బంతులు పడిపోయాయి. అంపైర్లు గుమిగూడారు. యంత్రమే బాల్ అందని చెబుదాం, బయటపడే దారి అదొక్కటే అన్న అర్థంలో వాళ్లు మాట్లాడుకున్నది మైకులో పడింది, టీవీ ముందున్న వాళ్లంతా విన్నారు. ఒక అంపైర్ ఉద్యోగం పోయింది.

అంతకు ముందు అంపైర్ పొరబడితే తిట్లు తన కళ్లకే తగిలేవి. నెపం వేయడానికి ఇప్పుడు నోరు లేని తోడు ఒకటి దొరికింది.

నిజానికి ఆ రోజు యంత్రం తప్పేమీ లేదు. మరుసటి ఏడాది వింబుల్డన్‌లోనూ ఇలాంటిదే జరిగింది. 147 ఏళ్లుగా గీతల దగ్గర నిలబడిన లైన్ జడ్జీలను 2025లో తీసేశారు. పావ్లుచెంకోవా, కార్టల్ అనే క్రీడాకారిణులు ఆడుతున్న కోర్టులో ఒక వైపు యంత్రాన్ని పొరపాటున ఆపేశారు. బంతి గీత దాటి పడినా పలికేవారు లేకపోయారు. యంత్రాన్ని నమ్మవచ్చా అన్న చర్చ ఇటువంటి ఉదంతాల చుట్టూనే తిరుగుతుంటుంది. నాకైతే అంతకంటే ముందు అడగవలసింది ఒకటి కనిపిస్తోంది. యంత్రం సరిగ్గానే కొలుస్తుందనుకుందాం. దేనితో కొలుస్తోంది?

ఈ ఆట చూడని పాఠకుల కోసం రెండు మాటలు. (డాలస్‌లోని మనవాళ్లు క్రికెట్ చూడటానికి వెళ్లే గ్రాండ్ ప్రెయిరీ మైదానం ఒకప్పుడు బేస్‌బాల్ స్టేడియమే. అక్కడివారు ఈ పేరా దాటేయవచ్చు.) పిచర్ 18.44 మీటర్ల దూరం నుంచి విసురుతాడు. బ్యాటర్ కొట్టకుండా వదిలేసిన బంతి, అతని పక్కన నేల మీద ఉండే హోమ్ ప్లేట్ అనే పలక మీద ఉందనుకునే ఒక గడిలోంచి వెళితే స్ట్రైక్, బయటి నుంచి పోతే బాల్. మూడు స్ట్రైకులకు ఔట్, నాలుగు బాల్స్‌కు మొదటి బేస్ ఉచితం. గడి వెడల్పు ప్లేట్ వెడల్పే, 17 అంగుళాలు. పై అంచు భుజాలకూ ప్యాంటు నడుము అంచుకూ నడిమధ్య. కింది అంచు మోకాలి చిప్ప కింద ఉండే పల్లం. ఇదంతా బ్యాటర్ కొట్టడానికి సిద్ధమై నిలిచిన భంగిమను బట్టి లెక్క. నూరేళ్లకు పైబడిన ఈ ఆటలో అతి ముఖ్యమైన గీతలు నేల మీద ఎక్కడా లేవు. గాలిలో ఉన్నాయి, అదీ మనిషికో తీరుగా.

గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి ఆ గడిని ఎక్కడ దాటిందో బ్యాటర్ వెనుక బంతి పట్టే క్యాచర్ వీపు వెనుక వంగి నిలబడి అంపైర్ చెప్పాలి. అమెరికా లీగు ఫైనల్ పోరైన వరల్డ్ సిరీస్‌లో, 2022 రెండో మ్యాచ్‌లో ప్యాట్ హోబర్గ్ అనే అంపైర్ తీర్పు చెప్పిన 129 బంతులలో ఒక్కటీ తప్పు పోలేదని అంపైర్ల పనితీరు లెక్కగట్టేవారు తేల్చారు. అది పెద్ద వార్త అయింది. మామూలు రోజుల సంగతి దాన్ని బట్టే ఊహించుకోవచ్చు.

అయితే అంపైర్ల తప్పులు గుడ్డిగా పడేవి కావు. వాటికొక నడక ఉంది. రెండు స్ట్రైకులు పడి బాల్ ఒక్కటీ లేని బ్యాటర్‌కు అంపైర్ గడి చిన్నదవుతుంది. మూడు బాల్స్ వేసి స్ట్రైక్ ఒక్కటీ దక్కని పిచర్‌కు పెద్దదవుతుంది. పరిశోధకులు లక్షల బంతుల లెక్క తీసి పదే పదే చూసిన విషయం ఇది. ఎవరు చిక్కులో ఉంటే అటువైపు, తెలియకుండానే, కాస్త మొగ్గు. దీన్ని పక్షపాతం అనాలో దయ అనాలో నేను తేల్చుకోలేకపోయాను. యంత్రానికి మాత్రం రెండూ లేవు.

అమెరికా ఈ దారిలో కొరియా కంటే ముందే బయలుదేరి నింపాదిగా నడిచింది. 2019లో అట్లాంటిక్ లీగు అనే చిన్న లీగులో రాడార్ చూసి చెప్పగా అంపైర్ చెవిలో విని ప్రకటించడంతో మొదలు. తర్వాత చిన్న లీగుల మెట్లన్నీ ఎక్కి, 2023 నాటికి అక్కడి అగ్రశ్రేణి లీగైన మేజర్ లీగ్‌కు ఒక మెట్టు కిందనున్న ట్రిపుల్-ఏ మైదానాలన్నింటికీ చేరింది. అక్కడ వారంలో సగం రోజులు యంత్రమే అన్ని బంతులకూ తీర్పు చెప్పింది, మిగతా రోజులు మనిషి తీర్పుపై అభ్యంతరం వచ్చినప్పుడే పలికింది. 2024 నడుమ మొదటి పద్ధతిని వదిలేశారు. 2025 సెప్టెంబరులో మేజర్ లీగ్ ఆమోదించి 2026 సీజన్ నుంచి అమల్లోకి తెచ్చింది రెండో పద్ధతినే. జట్టుకు రెండు అభ్యంతరాలు. నెగ్గితే ఆ అవకాశం చేతిలోనే ఉంటుంది. అడగాల్సింది బ్యాటర్, పిచర్, క్యాచర్ ముగ్గురిలో ఒకరే, అదీ వెంటనే, టోపీనో హెల్మెట్‌నో తట్టి. జట్టు కూర్చునే డగౌట్ నుంచి సైగలు చెల్లవు.

ఇక ఆ గడి సంగతి. నిబంధనల పుస్తకంలోని భుజాలూ ప్యాంటూ కెమెరాలకు పనికిరాలేదు. అందుకని అమెరికాలో బ్యాటర్ ఎత్తులో 53.5 శాతం దగ్గర పై గీత, 27 శాతం దగ్గర కింది గీత పెట్టుకున్నారు. పుస్తకంలో గడి ప్లేట్ మీద పెట్టెలా నిలువెత్తున ఉంటుంది. యంత్రానిది ప్లేట్ నడిమధ్యన నిలబెట్టిన పలుచని పలక. కొరియాలో 2025 నాటికి పై గీత 55.75 శాతం, కింది గీత 27.04 శాతం. అక్కడ ప్లేట్‌కు అటూ ఇటూ రెండేసి సెంటీమీటర్లు కలిపారు, ఎత్తును ప్లేట్ మధ్యలోనూ చివరా చూస్తారు. 180 సెంటీమీటర్ల ఆటగాడిని రెండుచోట్లా నిలబెట్టి చూడండి. కింది గీత ఇంచుమించు ఒకటే. పై గీత మాత్రం సియోల్‌లో నాలుగు సెంటీమీటర్లు పైన ఉంటుంది. బేస్‌బాల్ బంతి అడ్డుకొలత ఏడున్నర సెంటీమీటర్లకు మించదు. అంటే సగం బంతికి పైగా తేడా. రెండు యంత్రాలూ తప్పు చెప్పవు, కానీ అదే బంతి ఒకచోట స్ట్రైక్, మరోచోట బాల్.

పూర్వం మన ఊళ్లలో ఒక సంత కుంచానికీ మరో సంత కుంచానికీ పొంతన ఉండేది కాదు. కొలిచే చెయ్యి నిజాయితీగా ఉన్నా రైతు అడిగే మాట ఒకటే ఉండేది, ఎవరి కుంచంతో కొలిచారని. యంత్రం వచ్చాక 'నిజం తెలిసిపోతుంది' అనేవారితో నాకు పేచీ ఇక్కడే. తెలిసేది నిజం కాదు, ఒక సంఘం ఓటు వేసి ఒప్పుకున్న గీత. అమెరికాలో ఆ సంఘంలో ఆరుగురు యజమానుల పక్షంవారు, నలుగురు ఆటగాళ్లు, ఒక్క అంపైర్. గీత జరిగితే ఎవరికి లాభమో ఈ పదకొండు మందికీ తెలుసు.

అందుకే అమెరికా పద్ధతి పైకి సగం సగం పనిలా కనిపించినా దాని పక్షమే నేను. కొరియా పద్ధతి ఎంత కచ్చితమైనదైనా అందులో బంతి తరువాత బంతిగా ఆ గీతే ఆటను నడిపిస్తుంది. అమెరికాలో ఆటగాడు పిలిచినప్పుడే గీత ముందుకు వస్తుంది, పిలిచినవాడు ఫలితం భరిస్తాడు. మేజర్ లీగ్‌లో మైదానం నుంచి బయటికి పంపే శిక్షలలో పదింట ఆరు బాల్, స్ట్రైక్ గొడవల వల్లే పడేవి. అరిచే బదులు ఇప్పుడు టోపీ తట్టాలి. తట్టి ఓడితే తప్పు ఎవరిదో స్టేడియం బోర్డు మీద అందరికీ కనిపిస్తుంది.

ఇందులో నన్ను ఎక్కువగా ఆకర్షించింది క్యాచర్ పాత్ర. గడి బయట పడిన బంతిని పట్టుకుంటూనే గ్లవ్‌ను మెల్లగా లోపలికి లాగి స్ట్రైక్ అనిపించడం ఒక పెద్ద విద్య. ఫ్రేమింగ్ అంటారు. ఆ నేర్పుకే కొందరు కోట్లు సంపాదించారు. యంత్రం వస్తే ముందుగా చచ్చేది ఆ విద్యేనని అందరూ అనుకున్నారు. 2025 వసంతంలో 13 మైదానాలలో, 288 సన్నాహక మ్యాచ్‌లలో ఈ పద్ధతిని పరీక్షించారు. మ్యాచ్‌కు సగటున నాలుగు అభ్యంతరాలు, ఒక్కోదానికి 14 సెకన్లలోపే, సగానికి కాస్త పైన నెగ్గాయి. క్యాచర్లు అడిగినవి 56 శాతం నెగ్గితే బ్యాటర్లవి 50, పిచర్లవి 41. బంతి విసిరినవాడికి ఆశ ఎక్కువ, చూపు తక్కువ. అంపైర్‌ను ఏమార్చడంలో ఆరితేరినవాడికే బంతి నిజంగా ఎక్కడ పడిందో బాగా తెలుసు. ఆ జూలైలో అట్లాంటా ఆల్‌స్టార్ మ్యాచ్‌లోనూ ఐదు అభ్యంతరాలలో నాలుగు నెగ్గాయి. పూర్తి యంత్రపాలనలో క్యాచర్ వట్టి బంతి పట్టేవాడు. ఇక్కడ అతను ఒక చేత్తో అంపైర్‌ను ఏమారుస్తూ మరో చేత్తో సాక్ష్యం చెబుతాడు.

డీఆర్ఎస్‌కు అలవాటుపడిన మనకు ఇదంతా పాత కథలా తోచవచ్చు. అమెరికాలో కెమెరాల వెనుక ఉన్నది, బంతి జాడ తీసే అదే హాక్-ఐ. కానీ ఒక తేడా ఉంది. ఎల్బీడబ్ల్యూలో బంతి ప్యాడ్‌కు తగలకపోతే ఎటు వెళ్లేదో యంత్రం ఊహిస్తుంది. ఊహ కాబట్టే 'అంపైర్స్ కాల్' అనే మర్యాద. స్ట్రైక్ విషయంలో బంతి గడిని దాటేసింది, ఊహకు చోటు లేదు. కాబట్టి వెంట్రుకవాసి తేడా ఉన్నా తీర్పు తిరగబడుతుంది. ఊహ లేదన్నది సబబే, కొలతలో పొరపాటు కూడా లేదన్నట్టు మాట్లాడటం మాత్రం అతి.

ఎత్తు కొలతలు మనకూ కొత్త కాదు. ఐపీఎల్ 2024లో ఆటగాళ్ల నడుము ఎత్తులు ముందే కొలిచి పెట్టుకున్నారు. ఈడెన్ గార్డెన్స్‌లో హర్షిత్ రాణా ఫుల్‌టాస్‌కు కోహ్లీ ఔటైనప్పుడు, క్రీజు దగ్గర బంతి 0.92 మీటర్ల ఎత్తులో ఉండేదనీ, అతని నడుము 1.04 మీటర్లనీ తెర మీద చూపారు. అతను మండిపడ్డాడు, జరిమానా కట్టాడు. తాను ఆడిన భంగిమకూ నిటారుగా నిలబెట్టి తీసిన కొలతకూ మధ్య తేడా అతని కోపానికి మూలం. బేస్‌బాల్‌లో ఇదే తేడాతో ఒకనాటి మేజర్ లీగ్ బ్యాటర్ రికీ హెండర్సన్ బతికాడు. బాగా వంగి నిలబడి గడిని ముడిచేసి, పిచర్లను విసిగించి, మొత్తం 2,190 సార్లు ఉచితంగా మొదటి బేస్‌కు నడిచాడు. కొత్త లెక్కలో ఎంత వంగినా గడి మారదు. నిటారుగా నిలబడ్డ ఎత్తే ఎత్తు.

ఆ ఎత్తు కోసం 2026 వసంత శిబిరాలలో బ్యాటర్లందరినీ బూట్లు విప్పించి కొలిచారు. మనిషి ఎత్తు రోజు గడిచేకొద్దీ కాస్త తగ్గుతుంది కాబట్టి ఉదయం పది, పన్నెండు గంటల మధ్యే కొలవాలని నియమం పెట్టారు. మ్యాచ్‌లు మాత్రం ఎక్కువగా రాత్రి పూటే జరుగుతాయి.