పంటి పురుగు గారికి బహిరంగ లేఖ

పంటి పురుగు గారికి,

తిరుపతి బైరాగిపట్టెడ నుంచి నమస్కారాలు. మీరు లేరని తెలిసే రాస్తున్నాను. ఫ్రాన్సులో పియర్ ఫోషార్ అనే దంతవైద్యుడు పుచ్చిన పళ్ళను సూక్ష్మదర్శినితో వెతికి, పురుగేమీ కనబడలేదని 1728లోనే రాసేశాడు. అయినా మా వీధిలో మీ పలుకుబడి తగ్గలేదు. ఏ బిడ్డ పన్ను నల్లబడినా "పురుగు పట్టింది" అంటారు. కేసు కొట్టేసినట్టే, ఇంట్లో అందరూ నిర్దోషులే.

చక్కెర పాల బాటిల్ నోట్లో పెట్టి నిద్రపుచ్చే అమ్మానాన్నల్ని ఎవరూ ఏమీ అనరు. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది, ఆ పాలు పళ్ళ మీదే రాత్రంతా కాపురం చేస్తాయి. "చిత్తూరు బెల్లమమ్మా, నేచురల్, ఏం కాదు" అంటుంది అవ్వ. నోట్లోని బ్యాక్టీరియాకు ఆ సంగతి తెలియదు పాపం, చక్కెరైనా బెల్లమైనా ఆమ్లమే తయారుచేస్తుంది. ఇక కొండ దిగొచ్చిన ప్రతి ఇంటి నుంచీ లడ్డూ ముక్క వస్తుంది. స్వామి ప్రసాదం, వద్దనకూడదు, నేనూ అనను. కానీ పిల్లోడు అందులోని కలకండను బుగ్గన పెట్టుకుని సాయంత్రం దాకా చప్పరిస్తాడే, అక్కడుంది చిక్కు. ఒకేసారి తినేసి నీళ్ళు తాగితే లాలాజలమే ఆ ఆమ్లాన్ని సర్దుకుంటుంది. మాటిమాటికీ తీపి తగులుతుంటే దానికి తీరికేదీ?

మీ తరఫు వకీలు కూడా గట్టివాడే. "పాలపళ్ళే కదా, ఊడిపోతాయిలే" అని ఒకే వాదన. దవడ పాలపళ్ళు పదీ పన్నెండేళ్ళ దాకా ఉండాల్సినవి. ముందే పీకేస్తే పక్కవి జరిగి, వచ్చే పళ్ళకు చోటుండదు. ఆరో ఏట వెనకాల చడీచప్పుడు లేకుండా ఒక దవడ పన్ను మొలుస్తుంది. ఏ పన్నూ ఊడకుండా వస్తుంది గనుక దాన్నీ పాలపన్నే అనుకుంటారు. అది జన్మంతా ఉండాల్సిన పన్ను. దాని గుంతల్లో తిండి ఇరుక్కోకుండా మూసే పూత, అంటే సీలెంట్, వేయించవచ్చంటే "పుచ్చకముందే డాక్టరెందుకు?" అంటారు.

టీవీలో బ్రష్ నిండా పేస్టు పరుస్తారు. మూడేళ్ళ లోపు ఫ్లోరైడ్ పేస్టు బియ్యపు గింజంత, ఆ తర్వాత బఠాణీ గింజంత చాలు. రాత్రి కూడా తోమించాలి, పెద్దవాళ్ళే బ్రష్ పట్టి తోమాలి. ఆ టైముకు మాకు సీరియల్ ఉంటుంది.

ఆదివారం పక్కింటి పాపను పళ్ళ డాక్టరుకు చూపిస్తున్నారు. మీరు తప్పకుండా రావాలి. రాకపోతే ఆ నేరం ఎవరి మీద వేయాలో తెలియక వాళ్ళింట్లో ఇప్పటికే టెన్షన్‌గా ఉంది.

ఇట్లు,
మీ వల్ల ఇన్నాళ్ళూ బతికిపోయిన ఒక మేనమామ