ఐరన్ సల్ఫైడ్ మీద వాదోపవాదం

(సంయోగ పదార్థంలో మూలకాలు ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో ఉంటాయి, మిశ్రమంలో ఏ నిష్పత్తిలోనైనా ఉండవచ్చు. హైస్కూలు రసాయన శాస్త్రంలో అందరూ చదువుకున్న మాట ఇది. దీన్ని అలాగే ఉంచాలంటారు పదవీ విరమణ చేసిన మాస్టారు. మార్చాలంటుంది ఆయన దగ్గరే చదువుకుని, ఇప్పుడు ఘనపదార్థాల మీద పరిశోధన చేస్తున్న శిష్యురాలు. పాలు సజాతీయమా, విజాతీయమా అన్న పాత తగాదా జోలికి పోకూడదని ఇద్దరూ ముందే అనుకున్నారు. మంచిదే.)

మాస్టారు: ఇనుప రజను, గంధకం పొడి కలిపి పిల్లల ముందు పెడతాను. పైన అయస్కాంతం తిప్పితే ఇనుము లేచి వస్తుంది. అది మిశ్రమం. అదే పొడిని పరీక్షనాళికలో వేడి చేస్తే ఎర్రగా రాజుకుని నల్లటి గడ్డ అవుతుంది, అదే ఐరన్ సల్ఫైడ్. బరువులో 7 పాళ్ల ఇనుముకు 4 పాళ్ల గంధకం. ఇక అయస్కాంతం దాన్ని లాగలేదు. అది సంయోగ పదార్థం. ఇంత కళ్లకు కట్టే పాఠంలో మార్చాల్సింది ఏముందమ్మా?

శిష్యురాలు: ఆ గడ్డ ఎన్నడూ అయస్కాంతానికి అంటుకోలేదా మాస్టారూ?

మాస్టారు: ఎందుకు అంటుకోదు? చర్యలో పాల్గొనని ఇనుము లోపల మిగిలిపోతే అంటుకుంటుంది. అందుకే గంధకం కాస్త ఎక్కువ వేయమంటాం.

శిష్యురాలు: ఎక్కువ వేస్తే వచ్చేది సరిగ్గా ఒక ఇనుము పరమాణువుకు ఒక గంధకం పరమాణువు ఉన్న ఐరన్ సల్ఫైడే అని హామీ ఏముంది? గనుల్లో దొరికే పైరోటైట్‌ను చూడండి. అదీ ఐరన్ సల్ఫైడే. కానీ దాని స్ఫటికంలో ఇనుము ఉండాల్సిన చోట్లు కొన్ని ఖాళీగా ఉంటాయి. 8 గంధకం పరమాణువులకు ఇనుము పరమాణువులు 7 దాకా తగ్గవచ్చు. ఆ 7కు 8 రకంలో విడి ఇనుము రవ్వంత లేకపోయినా అయస్కాంతానికి అంటుకుంటుంది. మీరు చెప్పే కచ్చితమైన ఒకటికి ఒకటి రకం ట్రాయిలైట్. దాన్ని చూడాలంటే ఎక్కువగా ఉల్కల్లోనే వెతుక్కోవాలి. మీ పాఠం ఆకాశం నుంచి పడే రాళ్లకు బాగా సరిపోతుంది!

మాస్టారు: వెటకారం సరే, నిష్పత్తి స్థిరమన్న ఆ సూత్రం ఎలా నిలబడిందో మరిచిపోకు. రాగి కార్బొనేట్ భూమిలో దొరికినా, ప్రయోగశాలలో తయారైనా పాళ్లు ఒకటేనని 1799లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త ప్రూస్ట్ స్పెయిన్‌లో తేల్చాడు. పారిస్‌లో మరో రసాయన శాస్త్రవేత్త బెర్తోలే ఒప్పుకోలేదు. నిష్పత్తి మారుతూ ఉంటుందని ఏళ్ల తరబడి వాదించాడు. గెలిచింది ఎవరు? ప్రూస్ట్. నిష్పత్తి స్థిరం కాకపోతే, పరమాణువులు పూర్ణ సంఖ్యల్లోనే కలుస్తాయన్న డాల్టన్ లెక్క కుదిరేదా?

శిష్యురాలు: గెలిచిన తీరు కూడా చెప్పండి. బెర్తోలే మిశ్రలోహాలు చూపించాడు, గాజు చూపించాడు, ద్రావణాలు చూపించాడు. అవన్నీ మిశ్రమాలన్నాడు ప్రూస్ట్. ఎందుకట? నిష్పత్తి మారుతోంది కాబట్టి. మారేదాన్నల్లా అవతలికి నెట్టేస్తే ఇవతల మిగిలేది స్థిరంగానే కనిపిస్తుంది కదా!

మాస్టారు: ఆగు. ఊరికే నెట్టలేదు. తగరానికి ఆక్సైడ్లు రెండున్నాయి, దేని పాళ్లు దానివే, మధ్యస్థంగా కనిపించినది ఆ రెండింటి కలయిక అని విశ్లేషించి చూపించాడు. అది మాటల గారడీ కాదు, తూకం. నీళ్ల సంగతి చెప్పు. 1 గ్రాము హైడ్రోజన్‌కు 8 గ్రాముల ఆక్సిజన్. గోదావరి నీళ్లయినా అంతే, బావి నీళ్లయినా అంతే.

శిష్యురాలు: నీటి దగ్గర మీతో పేచీ లేదు. నీరు, కార్బన్ డయాక్సైడ్, చక్కెర అణువులుగా ఉంటాయి. అణువులో సగం పరమాణువు ఉండదు కాబట్టి లెక్క తప్పదు. ఘన స్ఫటికంలో విడి అణువు అంటూ లేనప్పుడే చిక్కు. ఐరన్ ఆక్సైడ్లలో వుస్టైట్ అని ఒకటుంది. రసాయన ఫార్ములా ఒకటికి ఒకటి అని రాస్తాం, ఉండేది మాత్రం 100 ఆక్సిజన్‌లకు దాదాపు 95 ఇనుములు, ఇంకా తక్కువ కూడా. రష్యన్ శాస్త్రవేత్త కుర్నకోవ్ ఇలాంటివాటికి బెర్తోలైడ్లు అని పేరు పెట్టాడు, ఓడిపోయిన మనిషి పేరే.

మాస్టారు: నువ్వు చెప్పేవి పరిశోధకుల పదార్థాలు. పిల్లలకు తెలిసింది చూద్దాం. బంగారం. నగ మీద 916 ముద్ర ఉంటే 22 క్యారెట్లు, 750 ఉంటే 18. రాగి పాలు పెంచుకో, తగ్గించుకో, నీ ఇష్టం. ఎక్కడా గీత లేదు. కంటికి ఒక్కటిగా కనిపించినా మిశ్రమమే.

శిష్యురాలు: మంచి చోటే ఆగారు. రాగి మాత్రమే కలిపిన 18 క్యారెట్ల బంగారంలో పరమాణువులు లెక్కపెట్టండి. బంగారం 75 గ్రాములు, పరమాణు భారం 197. రాగి 25 గ్రాములు, పరమాణు భారం 63.5. భాగిస్తే రెండూ దాదాపు సమానం, ఒకటికి ఒకటి! వేడి మీద ఆ పరమాణువులు ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. నెమ్మదిగా చల్లారనిస్తే సుమారు 400 డిగ్రీల సెల్సియస్ కింద వరుసలు కడతాయి, ఒక పొర బంగారం, ఒక పొర రాగి. లోహం గట్టిబడి పెళుసవుతుంది. అందుకే ఎర్ర బంగారం పనివాళ్లు కాల్చిన వెంటనే నీళ్లలో ముంచుతారు. అదే ముక్క, అవే పాళ్లు. నీళ్లలో ముంచితే మిశ్రమం, వదిలేస్తే సంయోగ పదార్థంలాంటిది. ఏ కోవలో వేస్తారు?

మాస్టారు: (కాసేపు లెక్క వేసుకుని) లెక్క సరిగ్గానే ఉంది. అయినా పద్నాలుగేళ్ల పిల్లవాడికి ముందు కోవలు తెలియాలి. కోవలే లేకపోతే ఈ ముక్క దేనికి ఎదురు తిరిగిందో కూడా వాడికి అర్థం కాదు.

శిష్యురాలు: కోవలు తీసేయమనడం లేదు. "ఎప్పుడూ" అన్న ఒక్క మాట తీసి, "అణువులుగా ఉండేవాటిలో" అని చేర్చమంటున్నాను.

మాస్టారు: ఖాళీలు పూరించే ప్రశ్నలో అది ఇమడదు.

శిష్యురాలు: ఆ ప్రశ్న మానేయండి. 18 క్యారెట్ల ముక్క గురించి రాసి, ఏ కోవలో పెడతావు, ఎందుకు అని అడగండి. ఏ జవాబైనా కారణం ఉంటే 5 మార్కులు.

మాస్టారు: 3 ఇస్తాను. ఏ జవాబైనా సరే అంటే దిద్దేవాళ్లు నా మీద పడతారు.