ఈత పుస్తకం చదివితే రాదు, సరే

కర్నూలు, అనంతపురం, కడప ఎక్కడ నలుగురు కథకులు కూడినా ఒక మాట వినబడుతోంది. ఫోన్లలోనూ తెగ తిరుగుతోంది. కథ రాయడం నేర్పే పుస్తకాలు దండగట. ఈత పుస్తకం చదివితే రాదట. రచయిత పుట్టాల్సిందేనట. సీమ పెద్దలకు ఆ పుస్తకాలతో పనే పడలేదట. సూత్రాలు పట్టుకుంటే అందరి కథలూ ఒకే అచ్చులో పడతాయట. పైగా అవి మన కరువుకీ యాసకీ పొసగవట.

ఈతే తీసుకుందాం. బావిలోకి దింపేముందు పిల్లల వీపుకు బెండ్లు కడతారు. బెండ్లు ఈత కొట్టవు, చేతులాడించడం వచ్చేదాకా మునగనివ్వవు. వచ్చాక విప్పేస్తారు.

పుట్టుక మాట పాతదే, జవాబూ పాతదే. పుట్టుకతో ప్రతిభ లేకున్నా చదువుతో, ప్రయత్నంతో కొలిస్తే వాగ్దేవి ఎంతో కొంత అనుగ్రహిస్తుందని పాతకాలపు సంస్కృత ఆలంకారికుడు దండి, కావ్యాలెలా ఉండాలో చెప్పే తన కావ్యాదర్శంలో అన్నాడు. మరో ఆలంకారికుడు మమ్మటుడైతే శక్తి (అంటే పుట్టుకతో వచ్చే ప్రతిభ), నిపుణత, అభ్యాసం మూడూ కలిస్తేనే కావ్యానికి హేతువన్నాడు. ఆ అభ్యాసం కూడా తెలిసినవాళ్ళు నేర్పగా చేసేది.

సీమ పెద్దల సంగతి ఇంకా తేలిక. కథ నిర్మాణం గురించి ‘కథాశిల్పం’ అనే పుస్తకం రాసిన వల్లంపాటి వెంకటసుబ్బయ్యది చిత్తూరు జిల్లా. ఆ పుస్తకానికే 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

ఇక అచ్చు. రాయకముందే సూత్రం ముందేసుకుని కూర్చుంటే కథ అచ్చులోనే పడుతుంది, కాదనలేం. రాశాక పట్టుకుంటే అదే జల్లెడ. ఈ నాలుగు ముక్కలు చూడండి:

“ఓబులేసు బ్యాంకు మెట్లెక్కాడు. కాళ్ళు వణుకుతున్నాయి. మేనేజరు తలెత్తి చూశాడు. ఈ ముసలాయన ఈసారీ వడ్డీ కట్టడు, పంపించెయ్యాలి అనుకున్నాడు.”

మూడు వాక్యాలు ఓబులేసు పక్కన నిలబడి చూశాం. నాలుగో వాక్యంలో మేనేజరు బుర్రలో దూరాం. అప్పు రాదని ఓబులేసు కంటే ముందే మనకు తెలిసిపోయింది, ఇక ఎదురుచూడ్డానికేం మిగిలింది? “మేనేజరు తలెత్తి చూసి, గోడ గడియారం వైపు తిరిగాడు” అంటే చాలు. దీన్ని పట్టడానికి పెన్సిలొకటి కావాలి. ప్రతి పేరా పక్కన, ఎవరి కళ్ళతో చూస్తున్నామో ఆ పేరు రాయండి. మధ్యలో ఖాళీ వరుస లేకుండా పేరు మారిన చోటల్లా ఆగి, ఆ మార్పు కావాలనే చేశారా, జారిందా చూసుకోండి. దృష్టికోణం గురించి ఒక్క అధ్యాయం చదివినా ఈ పని చేతికొస్తుంది.

కరువు విషయంలో ఆ మాటలో కొంత నిజముంది. ‘చెప్పకు, చూపించు’ అన్న సూత్రాన్ని గుడ్డిగా పట్టుకుని పదేళ్ళ కరువును సన్నివేశాలుగా చూపించబోతే పదిహేను వందల మాటల కథ చిరుగుతుంది. మూడు బోర్లు ఎండిన సంగతి రెండు వాక్యాల్లో చెప్పేయాలి. నాలుగో బోరుకు పాయింటు చూసేవాడి అరచేతిలో టెంకాయ లేచి నిలబడిన క్షణాన్ని చూపించాలి. ఏది చెప్పాలో ఏది చూపించాలో మంచి పుస్తకాలు విడదీసే చెబుతాయి. మనవాళ్ళ చేతికి సూత్రం ఒక్కటే వచ్చింది, వివరణ రాలేదు.

దీనికి ఎదురు తప్పు మన కరువు కథల్లో మరీ ఎక్కువ. “మన జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే కదే పడేది” అని రైతు పెళ్ళాంతో అంటాడు. ఆమెకు తెలియదా? అది పాఠకుడికి అప్పజెప్పిన పాఠం. నిజంగా అలాంటి రైతైతే “ఇంగొక పదును పడింటే కాయ నిలిచిండేది” అంటాడు. లెక్కా అందులోనే ఉంది, ఏడుపూ అందులోనే ఉంది.

యాస గురించి బయటి పుస్తకాలేం చెప్పవన్నది నిజమే. ఆ పని మనమే చేసుకోవాలి. మొదటి పేజీలో “వస్తాండా” అన్న మనిషి రెండో పేజీలో “వస్తున్నాను” అంటాడు, రాసినవాళ్ళు గమనించరు. పాత్రకొక చీటీ పెట్టి, అతని నోట పలికే ఇరవై మాటలు రాసుకుని చివర్లో సరిచూసుకుంటే సరి.

ఇంగ్లీషు పుస్తకాల్లో ఏజెంట్లను పట్టుకోవడం, సినిమా స్క్రిప్టు పేజీల లెక్కలు ఉంటాయి. చిన్న కథకు వాటితో పనిలేదు, దాటేయండి. పది పుస్తకాలు కొని ఒక్క కథా ముగించనివాళ్ళుంటే, ఆ తిరుగుతున్న మాట వాళ్ళకు తగులుతుంది. ముందు కథ ముగించి, తర్వాత ఒక్క అధ్యాయం తెరవండి. సంభాషణల అధ్యాయంతో మొదలుపెడితే మేలు. కథ పైకి చదివితే నాలుక ఎక్కడ తడబడుతుందో మొదటి రోజే తెలిసిపోతుంది.