టెక్నికల్‌గా బయటపడ్డాడట!

పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో బాబాయ్ ఓ వార్త లింకు పెట్టారు. అప్పీలులో ఎవరికో శిక్ష కొట్టేశారట. కింద ఆయన సొంత తీర్పు: "టెక్నికల్ పాయింట్ మీద బయటపడ్డాడు. డబ్బుంటే అంతే!" వెంటనే వరసగా దండాల బొమ్మలు. లింకు తెరిచి చదివినవాళ్లు ఆ గ్రూపులో ఒక్కరుంటే నా చెవి కోసిస్తాను.

నేను చదివాను. పోలీసులు తమ కేసుకు అడ్డొచ్చే రిపోర్టును డిఫెన్స్ లాయరుకు చూపించకుండా తొక్కిపెట్టారు. అదీ ఆ టెక్నికల్ పాయింట్. మన మెడకు చుట్టుకోనంత వరకు అన్నీ టెక్నికలే కదండీ. శిక్ష పడ్డ ఎవరికైనా పైకోర్టులో మళ్లీ పరిశీలించమని అడిగే హక్కుందని అంతర్జాతీయ పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక 14వ అధికరణంలోనే రాశారు. అదీ టెక్నికలే అయ్యుంటుంది!

బర్మింగ్‌హామ్ సిక్స్ కేసు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. 1974లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నగరంలో పబ్బుల్లో బాంబులు పేలి 21 మంది చనిపోయారు. ఆరుగురు ఐరిష్ వాళ్లను పట్టుకున్నారు. చేతులు తుడిచి ఏదో కెమికల్ టెస్టు చేసి, వీళ్లలో ఇద్దరు పేలుడు పదార్థం ముట్టుకున్నట్టు 99 శాతం ఖాయమని నిపుణుడు కోర్టులో చెప్పేశాడు. పేకముక్కలు పట్టుకున్నా ఆ టెస్టు పాజిటివ్ వస్తుందని తర్వాత బయటపడింది. ఆ రోజు రైల్లో వాళ్లు చేసింది అదే, పేకాడుకోవడం! చితకబాది ఒప్పుకోలు రాయించుకున్నారని వాళ్లు మొత్తుకుంటే వినే నాథుడే లేడు. కొట్టారని దావా వేస్తే 1980లో డెన్నింగ్ అనే పెద్ద జడ్జిగారు ఏమన్నారో తెలుసా? వీళ్లు గెలిస్తే పోలీసులు అబద్ధమాడారని తేలుతుందట, అది మరీ ఘోరమట, కాబట్టి దావా ముందుకు సాగకూడదట! 1988లో కూడా అప్పీలు కొట్టేసి, చివరికి 1991లో వదిలారు. పదహారేళ్లు జైల్లో మగ్గాక.

మెషీన్ చెప్పిందంటే చాలు, మనిషి మాట ఎవడికీ అక్కర్లేదు. మా ఆఫీసులో వేలిముద్ర మెషీన్ నా వేలు గుర్తుపట్టక ఆబ్సెంట్ వేసింది. ఆ రోజు నేను మీటింగులో మాట్లాడాను, మినిట్స్‌లో నా పేరుంది. అయినా హెచ్‌ఆర్ మేడమ్ తల కూడా ఎత్తకుండా "సిస్టమ్‌లో లేదండి" అన్నారు. ఎదురుగా నిలబడ్డ నేను సాక్ష్యం కాదన్నమాట.

నాది జీతంతో పోయింది. బ్రిటన్‌లో పోస్టాఫీసులు నడిపేవాళ్లకు జీవితాలే పోయాయి. హొరైజన్ అనే సాఫ్ట్‌వేర్ తప్పుడు లెక్కలు చూపిస్తే డబ్బు మీరే తిన్నారని కేసులు పెట్టారు. 900 మందికి పైగా దోషులయ్యారు. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి అడిగినవాళ్లకు "ఈ సమస్య మీ ఒక్కరికే" అని చెప్పారట, ఎంత చక్కగా ఉందో చూడండి! కంప్యూటర్ సరిగ్గానే పనిచేస్తోందని అక్కడి కోర్టులు ముందే అనుకుంటాయి, కాదంటే నిందితుడే తేల్చుకోవాలి. ఆ సాఫ్ట్‌వేర్ లోపలికి తొంగి చూసే దారే లేనివాడు ఏం తేలుస్తాడు? ఒక్కో అప్పీలూ తేలేసరికి మనుషులే పోతున్నారని 2024లో పార్లమెంటే చట్టం చేసి వందల శిక్షలు ఒక్కసారిగా రద్దు చేయాల్సి వచ్చింది.

వాళ్లకు పార్లమెంటైనా దిగొచ్చింది. నాకు కట్ చేసిన ఆ రోజు జీతం మాత్రం ఇంకా "ప్రాసెస్‌లో ఉందండీ".