ఫోర్క్‌లిఫ్ట్ బ్యాటరీలో నీళ్లు పోయడం ఎవరి పని?

ఐదేళ్లు పనిచేయాల్సిన ఫోర్క్‌లిఫ్ట్ బ్యాటరీ రెండేళ్లకే మూలపడితే గోడౌన్‌లో మొదట తయారుచేసిన కంపెనీని తిడతారు, తర్వాత ఛార్జర్‌ని, చివరికి బండి నడిపే ఆపరేటర్‌ని. బ్యాటరీలోని గదుల్లాంటి సెల్స్ మూతలు తీసి, లోపలికి టార్చ్ వేసి, సీసపు ప్లేట్ల మీద నీళ్లున్నాయా లేదా అని చూసేవాళ్లు మాత్రం తక్కువ. నేను చూసినంతలో లెడ్ యాసిడ్ బ్యాటరీలు ముందే పోవడానికి పెద్ద కారణం వాటి నాణ్యత కాదు. నీళ్లు పోయడం ఫలానా మనిషి పని అని ఎవరూ రాసిపెట్టకపోవడం.

బ్యాటరీ నీళ్లు ఎందుకు తాగుతుందో ముందు చూద్దాం. ఛార్జింగ్ చివరి దశలో ఒక్కో సెల్ వోల్టేజ్ సుమారు 2.4 దాటగానే, వెళ్లే కరెంటులో ఎక్కువ భాగం ప్లేట్లను ఛార్జ్ చేయడం మానేసి నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టడం మొదలుపెడుతుంది. ఆ బుడగలు కూడా కొంతవరకు అవసరమే, అడుగున చేరిన చిక్కటి యాసిడ్‌ని పైకి కలిపేది అవే. కానీ దానికి మూల్యం నీరే. 48 వోల్టుల బ్యాటరీ అంటే రెండేసి వోల్టుల సెల్స్ 24. దాని కెపాసిటీ, అంటే పట్టే కరెంటు, 600 ఆంపియర్ అవర్ అనుకోండి, షిఫ్టులో 80 శాతం వాడేస్తే 480. దాన్ని నింపడానికి ఛార్జర్ ఓ 15 శాతం ఎక్కువే ఇవ్వాలి, అంటే 72 అదనం. ఒక్కో అదనపు ఆంపియర్ అవర్‌కి ఒక్కో సెల్‌లో గ్రాములో మూడో వంతు నీరు పోతుంది. ఆ అదనమంతా గ్యాస్‌గానే పోయిందనుకుంటే సెల్‌కి 24 గ్రాములు, మొత్తం బ్యాటరీకి అర లీటరు పైమాట. వారానికి ఆరుసార్లు ఛార్జ్ పెడితే మూడున్నర లీటర్లు! ఇది బ్యాటరీ బాగున్నప్పటి సంగతి. పాతబడేకొద్దీ పాజిటివ్ ప్లేట్ల గ్రిడ్‌లో, అంటే లోపలి లోహపు చట్రంలో, ఉండే ఆంటిమొని అనే మూలకం కొద్దికొద్దిగా నెగెటివ్ వైపు చేరి, గ్యాస్ ఇంకా ముందే మొదలయ్యేలా చేస్తుంది కాబట్టి ఈ దాహం పెరుగుతూనే ఉంటుంది.

నీళ్లు తగ్గి ప్లేట్ల పైభాగం గాలికి తేలిందంటే అక్కడ నెగెటివ్ ప్లేట్‌లోని సీసం ఆక్సీకరణ చెందుతుంది, ప్లేట్ల మీద ఏర్పడే లెడ్ సల్ఫేట్ గట్టిపడుతుంది. తర్వాత ఎన్ని నీళ్లు పోసినా ఆ భాగం మునుపటిలా పనిచేయదు. పైగా గ్యాస్‌గా పోయేది నీరే, యాసిడ్ అలాగే ఉండిపోతుంది. దాంతో మిగిలిన ద్రవం చిక్కబడి కింది భాగాన్నీ తినేస్తుంది, బాగున్న ప్లేట్ల మీదే బరువంతా పడి వేడెక్కుతుంది. ఆపరేటర్‌కి మాత్రం "మధ్యాహ్నానికే బండి డౌన్ అవుతోంది సార్" అన్న ఒక్క ముక్కే తెలుస్తుంది.

ఇక ఎప్పుడు పోయాలన్న దగ్గర చాలాచోట్ల తప్పు జరుగుతుంది. షిఫ్టు అయ్యాక బండిని ఛార్జింగ్‌కి తెచ్చి, మూతలు తీసి, నిండా నీళ్లు పోసి, ప్లగ్ పెట్టి ఇంటికెళ్లిపోతారు. చూడ్డానికి శ్రద్ధగా చేసిన పనిలాగే ఉంటుంది. కానీ ఛార్జ్ అవుతుంటే లోపలి ద్రవం వేడికీ బుడగలకీ ఉబ్బి పైకి లేస్తుంది, నిండా ఉన్న సెల్ పొంగిపోతుంది, పొంగినప్పుడు పోయేది ఒట్టి నీరు కాదు, యాసిడ్ కలిసిన ద్రవం. తెల్లారి చూస్తే బ్యాటరీ పైన తడి, టెర్మినల్స్ దగ్గర పొడి పొడిగా తుప్పు, ఇనుప పెట్టె అంచుల్లో పెయింట్ లేచిపోయి ఉంటుంది, ఛార్జింగ్ బేలో సిమెంటు గచ్చు కూడా గరుకు తేలుతుంది. కాబట్టి ఫుల్ ఛార్జ్ అయ్యాకే పోయాలి. ఛార్జింగ్‌కి ముందే ప్లేట్లు బయటపడి కనిపిస్తే అవి మునిగేంత మాత్రమే పోసి, మిగతాది ఛార్జ్ అయ్యాక కంపెనీ చెప్పిన గీత దాకా నింపాలి.

పొంగడం వల్ల వచ్చే అసలు నష్టం నెలల తర్వాత బయటపడుతుంది. పొంగిన ప్రతిసారీ కొంత యాసిడ్ పోతుంది, దాని స్థానంలో మనం పోసేది నీళ్లు. ద్రవం చిక్కదనాన్ని (గ్రావిటీని) కొలిచే హైడ్రోమీటర్ ఫుల్ ఛార్జ్‌లో 1.280 దగ్గర చూపించాల్సింది 1.240, 1.230 చూపించడం మొదలవుతుంది. అప్పుడెవరో ఒకరు "గ్రావిటీ పడిపోయింది, యాసిడ్ పోద్దాం" అంటారు. దయచేసి ఆ పని చేయకండి. గ్రావిటీ తగ్గడానికి సరిగా ఛార్జ్ కాకపోవడం, ప్లేట్లకు సల్ఫేట్ పట్టడం కూడా కారణాలు కావచ్చు. అవన్నీ తేల్చుకోకుండా యాసిడ్ పోస్తే ఒకటి రెండు నెలలు బాగున్నట్టే ఉండి ఆ తర్వాత ప్లేట్లు దెబ్బతింటాయి. సర్దుబాటు చేయాల్సి వస్తే అది కంపెనీ టెక్నీషియన్ పని.

ఏ నీళ్లు పోయాలన్నదీ అంతే ముఖ్యం. బోరు నీళ్లు అసలు వద్దు. పటాన్‌చెరు, జీడిమెట్ల వైపు బోరు నీళ్లెలా ఉంటాయో అక్కడ పనిచేసేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ నీళ్లలోని ఇనుము బండి ఊరికే నిలబడి ఉన్నా ఛార్జ్ దిగిపోయేలా చేస్తుంది, క్లోరైడ్ పాజిటివ్ గ్రిడ్‌ని కొరికేస్తుంది. క్యాంటీన్‌లోని ఆర్వో నీళ్లు చాలనుకునేవాళ్లు ఎక్కువ. అవి తాగడానికి సరిపోతాయి గానీ వాటిలో లవణాలు ఇంకా మిగిలే ఉంటాయి. ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోసేవాళ్లూ ఉన్నారు, కాయిల్ మీది దుమ్ము, లోహాలు అందులోనే కలిసి వస్తాయి. బ్యాటరీ నీళ్లకు మన దేశంలో ఐఎస్ 1069 అని ప్రత్యేకంగా ఒక ప్రమాణమే ఉంది. దానికి సరిపోయే డిస్టిల్డ్ వాటరో, లవణాలు తీసేసిన డీఎం వాటరో ప్లాస్టిక్ క్యాన్‌లో తెచ్చుకుంటే చాలు.

ఇంత తెలిసినా పని ఎందుకు జరగదు? ఆపరేటర్ కాంట్రాక్టు మనిషి, అతని లెక్క ఎన్ని ప్యాలెట్లు ఎత్తాడన్నదే. మెయింటెనెన్స్ వాళ్లకు కన్వేయర్, డీజిల్ జనరేటర్ చూసుకోవడంతోనే సరిపోతుంది. ఏడాది సర్వీసు కాంట్రాక్టు (ఏఎంసీ) మనిషి నెలకోసారి వస్తాడు, వారం వారం చూడాల్సిన పనికి అతను ఏ మూలకీ సరిపోడు. అన్నిటికన్నా నాకు బాధనిపించేది కొనుగోళ్ల తీరు. లక్షలు పోసి కొనే బ్యాటరీకి సంతకం ఒక్క మీటింగ్‌లో అయిపోతుంది, దానికి నెలనెలా కావాల్సిన డిస్టిల్డ్ వాటర్ క్యాన్ల ఇండెంట్ (కావాలని రాసిచ్చే చీటీ) మాత్రం స్టోర్స్‌లో రోజుల తరబడి పడి ఉంటుంది. క్యాన్ రాకపోతే ఆపరేటర్ ఏం చేస్తాడు? దగ్గర్లో ఉన్న కుళాయి తిప్పుతాడు. తప్పు అతని మీద వేయడం అన్యాయం.

వేసవి సంగతి విడిగా చెప్పాలి. బ్యాటరీ ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని ఈ రంగంలో వాడే లెక్క. మే నెలలో రేకుల షెడ్డు కింద ఎనిమిది గంటలు నడిపి, ఎనిమిది గంటలు ఛార్జ్ చేసి, చల్లారనివ్వకుండా మళ్లీ తోలేస్తే నీళ్లు ఎంత తొందరగా తగ్గుతాయో ఊహించుకోవచ్చు. ఛార్జ్ అయ్యాక ఎనిమిది గంటలు చల్లారాలి అన్న నియమం ఊరికే పెట్టింది కాదు. వేసవిలో నీళ్లు చూసే రోజుల మధ్య ఎడం తగ్గించాల్సిందే.

సెల్స్ అన్నిటికీ ఒకేసారి నీళ్లందించే ఆటోమేటిక్ సిస్టమ్‌లు ఉన్నాయి, ఒక పైపు తగిలిస్తే ప్రతి సెల్‌లోని ఫ్లోట్ సరైన మట్టం రాగానే మూసేస్తుంది. మంచివే, బండ్లు ఎక్కువున్నచోట పెట్టుకోవాలి. అయితే చేత్తో పోసేటప్పుడు తెలిసే ఒక విషయం వాటితో తెలియకుండా పోతుంది. 24 సెల్స్‌లో ఒక్కటే మిగతావాటికన్నా ఎక్కువో తక్కువో తాగుతోందంటే ఆ సెల్‌లో ఏదో తేడా ఉన్నట్టు. అన్నీ కలిసి ఒక్కసారిగా ఎక్కువ తాగుతుంటే ఛార్జర్ సెట్టింగ్ చూపించుకోవాలి. అందుకే ఆటోమేటిక్ పెట్టినా నెలకోసారి హైడ్రోమీటర్‌తో సెల్ సెల్‌కీ గ్రావిటీ చూసి నోట్‌బుక్‌లో రాయించండి.

లిథియం బ్యాటరీలకి మారిపోతే ఈ గొడవే ఉండదంటారు. మూడు షిఫ్టులు నడిచే చోట నిజమే, మారడమే మేలు. ఒక షిఫ్టు నడిచే గోడౌన్‌లో మాత్రం నీళ్లు పోసే మనిషిని పెట్టుకోలేక అంత ఖర్చుకు దిగడం నాకు సబబుగా అనిపించదు.

ఆ మనిషికి ముందు రక్షణ కళ్లద్దాలు, రబ్బరు గ్లౌజులు ఇవ్వాలి. చీకట్లో సెల్ లోపలికి చూడ్డానికి లైటర్ వెలిగించకూడదని గట్టిగా చెప్పాలి, గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు. కంట్లో యాసిడ్ పడితే కనీసం 15 నిమిషాలు కడగడానికి ధారగా నీళ్లొచ్చే కుళాయి ఛార్జింగ్ బే పక్కనే ఉండాలి. నీళ్లు పోయడానికి పట్టే సమయాన్ని ఓవర్‌టైమ్‌లోకి నెట్టకుండా షిఫ్టులోనే లెక్కగట్టి, ఛార్జర్ పక్కన వేలాడదీసిన కార్డు మీద అతని పేరు, తేదీ, పోసిన లీటర్లు రాయించాలి. ఆ కార్డుని సూపర్‌వైజర్ వారానికోసారైనా చదవాలి.