బార్ సింకు

డైనింగ్ టేబుల్ పక్కనున్న గ్రానైట్ గట్టులో చేతులు కడుక్కోవడానికి చిన్న సింకు పెట్టిద్దామనుకోవడం తప్పు కాదు. షాపువాళ్లు దాన్ని ఏ పేరుతో పిలుస్తారో అదే పేరు మా నాన్న ముందు అనడం తప్పు.

"బార్ సింకా?" నాన్న పేపరు దించారు. "ఇంట్లో బారేంట్రా?"

"అబ్బే, చిన్న సింకుని అలా అంటారు నాన్నా. గ్లాసులవీ కడుక్కోవడానికి."

"ఏ గ్లాసులు?"

ఇక మాట పెంచకుండా రాణీగంజ్ బయల్దేరాను. వారం రోజులు వీడియోలు చూసి ఉన్నాను కదా, ఊరికే వెళ్తానా? గేజ్ అంకె తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుందని తెలుసు. మంచి రకమైన 304 గ్రేడు స్టీలుకి అయస్కాంతం పట్టదనీ తెలుసు. అందుకే ఫ్రిజ్ మీదున్న వేంకటేశ్వరస్వామి మాగ్నెట్ జేబులో వేసుకున్నాను. షాపులో 15×15 అంగుళాల సింకుకి స్వామిని ఆనించాను. జారి కిందపడ్డారు. కళ్లకద్దుకుని, "304!" అన్నాను గర్వంగా.

"చవకరకం 202కి కూడా పట్టదు సార్," అన్నాడు షాపతను. "అయినా ఇది 304యే, బిల్లు మీద రాసిస్తాలెండి."

మర్నాడు మేస్త్రీ వచ్చాడు. పెట్టె విప్పితే సింకుతో పాటు ఒక పెద్ద కాగితం వచ్చింది. ఏదో ప్యాకింగ్ కాగితమే అనుకున్నాను. మా ఆవిడ ఇచ్చిన మిర్చి బజ్జీలు అతను దాని మీదే పెట్టుకుని తిన్నాడు.

"సైజెంత సార్?"

"15 ఇంటూ 15." పెట్టె మీద అలాగే ఉంది మరి.

గంటసేపు మిషన్ మోగింది. ఇల్లంతా దుమ్ము. నాన్న కనుబొమలు కూడా తెల్లబడ్డాయి. కన్నం మాత్రం గీత గీసినట్టు వచ్చింది. ముగ్గురం చుట్టూ చేరి చూస్తుండగా మేస్త్రీ సింకుని రెండు చేతులా పట్టుకుని మెల్లగా దించాడు. దిగింది. ఇంకా దిగింది. ఆ తర్వాత కింద అరలోని కుక్కర్ మీద ధనామని పడింది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

"అంచుతో కలిపి 15 సార్," అన్నాడు మేస్త్రీ, కన్నంలోకి తొంగి చూస్తూ. "ఆ అంచే కదా రాయి మీద ఆనాలి!"

ఆ సంగతి కోయకముందు గుర్తు రాలేదా నాయనా అని అడుగుదామనుకున్నాను. కొలత చెప్పింది నేనే కాబట్టి ఊరుకున్నాను. నాన్న బజ్జీల కాగితం తీసి కిటికీ వెలుగులో పట్టుకున్నారు. నూనె మరకల మధ్య సింకు ఆకారంలో చుక్కల గీత, దాని పక్కనే అక్షరాలు. "కటౌట్ లైన్," అని కూడబలుక్కుని చదివి నావైపు చూశారు.

మళ్లీ రాణీగంజ్. ఈసారి 18×16. కన్నం ఒకవైపు రెండంగుళాలు పెంచితే సరిపోయింది. మర్నాడు ప్లంబర్ వచ్చి బాటిల్ ట్రాప్, కుళాయి బిగించి వెళ్లాడు.

ఆ రాత్రి భోజనాలయ్యాక మా ఆవిడ ఎంగిలి గ్లాసులు, వాటితో పాటు కంచాలు, పప్పుగిన్నె, సొట్టపడిన కుక్కర్ తెచ్చి కొత్త సింకులో పెట్టింది. "గ్లాసులవీ కడుక్కోవడానికన్నారుగా!" అంటూ స్క్రబ్బర్ నా చేతికిచ్చింది.

పాత సింకు బాల్కనీలో ఉంది. నీళ్లు పోవడానికి అడుగున కన్నం ఎలాగూ ఉందని నాన్న అందులో మట్టి నింపి ధనియాలు చల్లారు. నిన్న ఫోన్లో మా బాబాయితో చెబుతున్నారు: "బార్‌లో కొత్తిమీర మొలిచిందిరా!"