రెండో గీతపై కొన్ని అభ్యంతరాలు

బంగారం పచ్చగా ఉంటుందని నమ్మి తరతరాలుగా తరుగూ మజూరీ చెల్లిస్తూ వస్తున్న జాతికి శాస్త్రవేత్తలు చేసిన అన్యాయం చిన్నది కాదు. అదే బంగారాన్ని 20 నుంచి 40 నానోమీటర్ల (నానోమీటరంటే మీటరులో వంద కోట్లవ వంతు) కణాలుగా చేసి నీళ్లలో నిలిపితే, వాటి ఎలక్ట్రాన్లు కాంతి తగలగానే ఒక్కుమ్మడిగా ఊగి ఆకుపచ్చ వెలుగును మింగేస్తాయి కాబట్టి, అది ఎర్రగా కనిపిస్తుంది. ఈ ఎరుపును మైకేల్ ఫారడే 1857లోనే పరిశీలించినా, మన ఇళ్లలో దానిపై చర్చ జరగడానికి మాత్రం కరోనా రావలసి వచ్చింది.

కరోనా ర్యాపిడ్ టెస్టు పట్టీలో బంగారు కణానికి అతికించిన యాంటీబాడీ (వైరస్‌ను గుర్తుపట్టి అంటుకునే ప్రొటీన్) వైరస్ ప్రొటీన్‌ను పట్టుకుని, పట్టీ వెంట పాకుతూ వెళ్లి, దారిలో కాపు కాసిన మరో యాంటీబాడీకి చిక్కుతుంది. అలా చిక్కిన కణాల గుంపే మనం చూసే రెండో గీత, అంటే పాజిటివ్; మొదటి గీత పట్టీ పనిచేసిందని చెప్పడానికే. యాంటీబాడీ అడ్డదిడ్డంగా అతుక్కుంటే వైరస్‌ను పట్టవలసిన దాని చేతులు బంగారం వైపే తిరిగి ఉండిపోతాయి గనుక, ఏ వైపు అతికితే మేలో పరిశోధకులు ముందే కంప్యూటర్‌లో పరమాణువు పరమాణువుగా లెక్కకట్టి చూస్తున్నారు. అడుగుకు రెండు ఫెమ్టోసెకన్ల చొప్పున నడిచే ఆ లెక్కలో ఒక్క మైక్రోసెకను, అంటే సెకనులో పది లక్షలవ వంతు, గడవాలంటే 50 కోట్ల అడుగులు పడాలి. ఇటువంటి గణనలకు పునాది వేసిన కార్‌ప్లస్, లెవిట్, వార్షెల్ అనే శాస్త్రవేత్తలకు 2013లో నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. నీటి అణువునూ ఉప్పు అయానునూ వదలని ఈ విద్య, పట్టీని చదివే మనిషిని మాత్రం లెక్కలోంచి వదిలేసింది.

ఫలితం చూడండి. పాజిటివ్ వస్తే అదే ఖాయమనీ, అనుమానితులకు నెగెటివ్ వస్తే ల్యాబులో చేసే ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష తప్పనిసరనీ భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 జూన్‌లో చెప్పింది. పీసీఆర్ వైరస్ జన్యుపదార్థాన్ని రెట్టింపు మీద రెట్టింపు చేసుకుంటూ పోతుంది. పట్టీ పాపం ఉన్నదాన్నే చూడాలి, వైరస్ తక్కువుంటే గీత పడదు. మన ప్రజలు ఈ నియమాన్ని శ్రద్ధగా తలకిందులు చేసుకున్నారు. నెగెటివ్ చెప్పిన పట్టీ సత్యహరిశ్చంద్రుడు, పాజిటివ్ చెప్పినది నాసిరకం సరుకు. 2021లో 250 రూపాయల ఇంటి కిట్లు వచ్చాక ఈ న్యాయవిచారణ వంటింటికి చేరింది: పల్చని గీత పడితే దాన్ని ట్యూబులైటు కింద పెట్టి, ఫొటో తీసి బావమరిదికి పంపి, అది గీతా నీడా అన్నది మెజారిటీ అభిప్రాయంతో తేల్చారు. పట్టీ పదిహేను నిమిషాల్లో తేల్చిన విషయాన్ని కుటుంబం సాయంత్రానికి గానీ కొట్టివేయలేకపోయిందంటే, మందకొడితనం ఎవరిదో స్పష్టమే.

కనుక ఇకపై కంప్యూటర్‌లో లెక్కకట్టవలసింది ప్రొటీన్‌ను కాదు, పెళ్లికొడుకు మేనమామను. ముహూర్తానికి ఎన్ని గంటలుంది, ఫంక్షన్ హాలువారు అడ్వాన్సు తిరిగిస్తారా, వంటవాళ్లు బయలుదేరారా అన్న చలరాశులను సూపర్‌కంప్యూటర్‌కు అందజేసి, రెండో గీత కంటికి ఆనే సంభావ్యతను రాబట్టాలి. ఆ లెక్క తేలేదాకా కిట్ల తయారీదారులకు ఒక మనవి: పెళ్లిళ్ల సీజనులో అమ్మే పట్టీలపై మూడో గీత ఒకటి ముందుగానే అచ్చువేసి, దాని పక్కన "వాతావరణం మారింది, అంతే" అని రాయించండి.